ఇంజెక్షన్‌తో చెయ్యి లేచింది. మూడో రోజు బాపు మళ్ళీ మగతలోకి ఎందుకు జారాడు?

కల్లం_మిర్చి | ఫిబ్రవరి 9, రాత్రి 11:40

ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఫోన్‌లో రాస్తున్నాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మాది నర్సంపేట పక్కన పల్లె. 6వ తారీఖు పొద్దున అయిదున్నరకు నేను, బాపు కల్లంలో మిర్చి మీద కప్పిన పరదాలు తీస్తున్నాం. మంచుకు కాయ మెత్తబడిందని ఏదో అంటున్నాడు. అంటుండగానే మాట ముద్దయిపోయింది. మూతి ఎడమ పక్కకు గుంజుకుపోయింది, కుడి చేతిలోంచి పరదా జారింది. వయసు 58. బీపీ ఉంది, గోలీ ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మరుస్తాడు. బీడీ మానలేదు.

ఊళ్ళో ఒకాయన గాలి సోకిందన్నాడు. ఇంకొకాయన పావురం రక్తంతో రుద్దితే చెయ్యి లేస్తుందన్నాడు. నేను 108కి ఫోన్ చేశాను. హన్మకొండ చేరేసరికి ఏడున్నర దాటింది. సీటీ తీసి, ఇది పక్షవాతం, అదే స్ట్రోక్, రక్తం కారలేదు, మెదడుకు రక్తం మోసే నరం పూడుకుపోయింది అని చెప్పి 8:40కి గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. సాయంత్రానికి చెయ్యి మంచం మీంచి జానెడు లేచింది. 7న నన్ను పేరు పెట్టి పిలిచాడు. మా అవ్వ అప్పుడే ఐనవోలు మల్లన్నకు మొక్కు కూడా చెప్పుకుంది.

8వ తారీఖు సాయంత్రం నుంచి మళ్ళీ మగత. పిలిస్తే కళ్ళు తెరుస్తాడు, మళ్ళీ మూసుకుంటాడు. మాట లేదు. ఇవాళ మళ్ళీ స్కాన్ తీశారు. కొత్తగా రక్తం కారలేదట, కానీ మెదడు వాచిందట, మధ్య గీత 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందట. పెద్ద సార్ “ఇది అనుకున్నదే, ఇంకో రెండు రోజులు చూడాలి” అని వెళ్ళిపోయారు. మా బావేమో ఇంజెక్షన్ వికటించిందని కింద రిసెప్షన్‌లో గొడవ పెట్టుకున్నాడు.

రక్తం ఆగితే కణాలు చస్తాయి, అది అర్థమైంది. రక్తం మళ్ళీ నడిచాక, మనిషి కోలుకుంటున్నాక, ఈ వాపు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరైనా తెలిసినవాళ్ళు నిదానంగా చెప్పండి. నిద్ర ఎలాగూ లేదు.

రాత్రిడ్యూటీ | ఫిబ్రవరి 10, తెల్లవారుజామున 12:25

తమ్ముడూ, నేను న్యూరో ఐసీయూలో స్టాఫ్ నర్సుని, పదకొండేళ్ళయింది. మీ ఆస్పత్రి కాదులే. మూడో రోజు జారడం మాకు కొత్త కాదు. స్ట్రోక్ వాపు రెండో రోజు నుంచి అయిదో రోజు మధ్యలో బాగా పెరుగుతుంది, తర్వాత తగ్గుముఖం పడుతుంది. బంధువులు మాత్రం రెండో రోజు మెరుగు చూసి గండం గడిచిందనుకుంటారు. మేం ముందే చెప్పాలి, హడావుడిలో చెప్పం. అది మా తప్పే.

ఇప్పుడు నువ్వు చూడాల్సింది ఇది. తల వైపు మంచం 30 డిగ్రీలు ఎత్తి ఉందా, మెడ ఓ పక్కకు వాలిపోకుండా నిటారుగా ఉందా. కంటిపాపలు గంట గంటకు చూస్తున్నారా అని సిస్టర్‌ను అడుగు, విసుక్కున్నా అడుగు. నోట్లో ఏమీ పోయొద్దు. ఒక చుక్క కూడా.

ఎలుకల_స్కాలర్ | ఫిబ్రవరి 10, తెల్లవారుజామున 1:50

అన్నా, మీ ప్రశ్ననే నేను అయిదేళ్ళుగా ఎలుకలను అడుగుతున్నాను. కాకతీయ యూనివర్సిటీలో ఫార్మకాలజీ స్కాలర్‌ని. డాక్టర్‌ని కాదు కాబట్టి వైద్యం చెప్పను, లోపల జరిగేది చెప్తాను.

మెదడు ఒంటి బరువులో 2 శాతమే. ఒళ్ళంతా వాడే ఆక్సిజన్‌లో ఇంచుమించు 20 శాతం అదే వాడుకుంటుంది. రేపటికని దాచుకునే అలవాటు దానికి లేదు. పెద్ద నరం పూడుకుపోతే నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పోతాయని 2006లో లెక్క కట్టారు. నరం ఆగిన చోట నడిమధ్యన ఉన్నవి ముందు పోతాయి. వాటి చుట్టూ ఒక అంచు ఉంటుంది. పక్క నరాల నుంచి కొద్దోగొప్పో రక్తం అందుతుంటే అక్కడి కణాలు పని మానేసి ప్రాణం మాత్రం నిలుపుకుంటాయి. ఇంజెక్షన్ కాపాడింది ఆ అంచుని. బాపు చెయ్యి జానెడు లేచింది దాని పుణ్యమే. నడిమధ్య భాగం అప్పటికే పోయి ఉంటుంది.

ఇక పోయిన కణాలు చప్పుడు లేకుండా పోవు. కణంలోంచి సోడియాన్ని బయటకు తోడే పంపు ఒకటి ఉంటుంది. శక్తి లేక అది ఆగుతుంది. సోడియం లోపలికి చేరుతుంది, దాని వెంట నీళ్ళు చేరతాయి. ఇది మొదటి వాపు, గంటల్లోనే వస్తుంది. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే గ్లూటమేట్ అనే రసాయనం ఒలికి పక్క కణాల్లోకి కాల్షియం ఎగబడేలా చేస్తుంది, అవీ చస్తాయి. కణం పగిలితే లోపల ఉండాల్సిన సరుకు వీధిన పడుతుంది. ఆ సరుకు వాసన పట్టేవి మైక్రోగ్లియా.

మీది నర్సంపేట కాబట్టి పాకాల ఆయకట్టు తెలిసే ఉంటుంది. మా తాత మా ఊరి చెరువుకు నీరటి. వాన పడనీ, పడకపోనీ, పార భుజాన వేసుకుని రోజూ కట్ట మీద తిరిగేవాడు. ఎక్కడ చీమలు పొక్క పెట్టినా ముందు తెలిసేది ఆయనకే. మైక్రోగ్లియా మెదడుకు నీరటి లాంటివి. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా వీటిని వేరే జాతి కణాలుగా గుర్తించి పేరు పెట్టాడు. మామూలు రోజుల్లో కొమ్మల్లాంటి చేతులు చాచి చుట్టుపక్కల తడుముతూ ఉంటాయి. కణాలు చచ్చిన వాసన రాగానే చేతులు ముడుచుకుని గుండ్రంగా మారి కేకలు పెడతాయి. ఆ కేకలే ఐఎల్-1, టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 అనే రసాయనాలు.

కేక విని ఊరంతా పలుగూ పారా పట్టుకుని చీకట్లో కట్ట మీదికి ఎగబడితే ఏమవుతుందో మీకు తెలుసు. గండి పూడ్చేవాళ్ళకంటే తొక్కేవాళ్ళు ఎక్కువ. రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అలా వస్తాయి. నరం లోపలి గోడ అప్పటికే జిగటగా తయారై ఉంటుంది. దానికి అతుక్కుని, దూరి, లోపలికి పోతాయి. మొదటి ఒకటి నుంచి మూడు రోజుల్లో వీటి గుంపు ఎక్కువ. ఎంఎంపీ-9 అనే ఎంజైమ్ వదులుతాయి, అది నరం గోడను పట్టి ఉంచే పొరను కొరికేస్తుంది. మామూలుగా రక్తంలో ఉన్నదల్లా మెదడులోకి పోకుండా ఆపే కట్ట అది. అది తెగితే రక్తంలోని నీళ్ళు, ప్రోటీన్లు మెదడులోకి ఊరతాయి. ఇది రెండో వాపు. మీరు స్కాన్‌లో చూసింది ఎక్కువగా ఇదే. కాలు వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు కాబట్టి వాచిన సగం బాగున్న సగాన్ని నెడుతుంది. మధ్య గీత జరగడం అంటే అది.

రక్తం మళ్ళీ నడిచాక కూడా ఎందుకు అన్నారు. ఎండి నెర్రెలు పట్టిన కాలువలోకి ఒక్కసారి నీళ్ళు వదిలి చూడండి, నెర్రెల్లోంచే బయటకు ఊరతాయి. దెబ్బతిన్న నరం గోడా అంతే.

సూటిమాట | ఫిబ్రవరి 10, ఉదయం 7:05

కథ బాగుంది. ఆఖరికి చెప్పిందేమిటి? నెర్రెలు పట్టిన కాలువలోకి నీళ్ళు వదిలింది ఆ ఇంజెక్షనే కదా. అంటే వాళ్ళ బావ అన్నది నిజమే. వేలకు వేలు తీసుకుని పొడిచిన ఇంజెక్షన్‌తోనే వాపు వచ్చిందని మీ నోటితో మీరే ఒప్పుకున్నారు.

పీజీ_రెండోఏడు | ఫిబ్రవరి 10, ఉదయం 9:30

సూటిమాట గారూ, సగం నిజం ఉంది, అందుకే జవాబు చెప్పాలి. జనరల్ మెడిసిన్ పీజీని, నిన్న రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను.

ఒక్కసారిగా ఆక్సిజన్ అందినప్పుడు దెబ్బతిన్న కణాల్లో వాటినే కొరికే ఫ్రీ రాడికల్స్ అనే పదార్థాలు పుట్టుకొస్తాయి, కొంత నష్టం చేస్తాయి. ఆ మందు వల్ల మెదడులో రక్తం కారే ప్రమాదమూ ఉంది. 1995లో అమెరికాలో దీన్ని పరీక్షించినప్పుడు మందు తీసుకున్న 100 మందిలో ఆరుగురికి పైగా అలా కారి లక్షణాలు ముదిరాయి. తీసుకోనివాళ్ళలో ఒక్కరు కూడా లేనంత తక్కువ. ఇంత ప్రమాదం తెలిసి కూడా ఎందుకు ఇస్తున్నారంటే, మూడు నెలల తర్వాత చూస్తే తమ పని తాము చేసుకునేవాళ్ళు మందు తీసుకున్నవాళ్ళలోనే ఎక్కువ ఉన్నారు. మొదట మూడు గంటల్లోపే ఇచ్చేవాళ్ళు. 2008 తర్వాత నాలుగున్నర గంటలకు పొడిగించారు. వీళ్ళ బాపుకు మూడు గంటల పది నిమిషాలకు పడింది. స్కాన్‌లో రక్తం కారలేదు అంటున్నారు. కాబట్టి ఇంజెక్షన్ వికటించిందనడానికి ఆధారం లేదు. ఇంజెక్షన్ ఇవ్వకపోయినా నరం పూడుకున్నవాళ్ళకు ఈ వాపు వస్తుంది, చాలాసార్లు ఇంతకంటే పెద్దది వస్తుంది, ఎందుకంటే పోయిన భాగం పెద్దది.

సూటిమాట | ఫిబ్రవరి 10, ఉదయం 9:52

సరే, వాపే కదా. మోకాలు వాస్తే ఇంజెక్షన్ ఇస్తారు, రెండు రోజుల్లో తగ్గుతుంది. ఇక్కడ డెక్సా, అదే స్టెరాయిడ్, ఎందుకు ఇవ్వరు? అయిదు రూపాయల మందని ఇవ్వరా?

పీజీ_రెండోఏడు | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:15

మెదడులో గడ్డ, అదే ట్యూమర్, దాని చుట్టూ వాచినప్పుడు డెక్సా ఇస్తాం, అద్భుతంగా పనిచేస్తుంది. అది చూసే పాత రోజుల్లో స్ట్రోక్‌లోనూ ఇచ్చారు. లాభం కనబడలేదు. షుగర్ పెరిగింది, ఇన్ఫెక్షన్లు పెరిగాయి. నరం పూడుకున్న స్ట్రోక్ వాపుకు స్టెరాయిడ్ వద్దని ఇప్పుడు మార్గదర్శకాల్లోనే ఉంది.

నీరటి కేకను, ఊరి జనాన్ని ఆపే మందులు కూడా చూశారు. తెల్లకణాలు నరం గోడకు అతుక్కునే కొక్కేన్ని మూసే యాంటీబాడీ ఒకటి, ఎన్లిమోమాబ్. ఎలుకల్లో బాగుంది. 625 మంది రోగులకు పరీక్షించి 2001లో ఫలితం చెప్పారు. మందు తీసుకున్నవాళ్ళే ఎక్కువ మంది చనిపోయారు, జ్వరాలు వచ్చాయి. ఆ యాంటీబాడీ ఎలుక నుంచి తీసింది, మనిషి ఒళ్ళు దాన్నే శత్రువనుకుని ఇంకా మండింది. తర్వాత ఐఎల్-1ను అడ్డుకునే అనాకిన్రా. 2018లో 80 మందితో చిన్న పరీక్ష. రక్తంలో ఐఎల్-6 తగ్గింది, మనిషి మాత్రం అందుకు తగ్గట్టు మెరుగుపడలేదు.

అయిదు రూపాయల మందని దాచిపెట్టలేదండీ. పనిచేస్తే మాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు.

మందులచీటీ | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 3:40

హన్మకొండలో మెడికల్ షాపు నాది, ఆస్పత్రి పేరు అడగొద్దు. స్ట్రోక్ చీటీ వచ్చిందంటే సిటికోలిన్, ఎడారావోన్ లేకుండా రావడం అరుదు. బిల్లులో సగం అవే అవుతాయి ఒక్కోసారి. పనిచేస్తాయా అని జనం నన్ను అడుగుతారు. నేనేం చెప్పాలి?

ఎలుకల_స్కాలర్ | ఫిబ్రవరి 10, సాయంత్రం 6:10

సిటికోలిన్ గురించి గట్టిగానే చెప్పొచ్చు. స్పెయిన్, పోర్చుగల్, జర్మనీల్లో 2,298 మందితో పరీక్ష చేసి 2012లో ఫలితం ప్రకటించారు. మందు లేని ఉత్తి మాత్రకూ దానికీ తేడా లేదు. హాని కూడా లేదు, అందుకే చీటీల్లో ఇంకా బతుకుతోంది. ఎడారావోన్ ఫ్రీ రాడికల్స్‌ను పట్టుకునే మందు, జపాన్‌లో 2001 నుంచి స్ట్రోక్‌కు వాడుతున్నారు. దాని విషయంలో ఇంత ఖరాఖండీగా కొట్టిపారేయలేను. కానీ అప్పు చేసి కొనాల్సినంత మందు అని నేనైతే ఎవరికీ చెప్పను.

మా ఎలుకల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. మత్తిచ్చి, మెడ దగ్గర కోసి, నైలాన్ దారం లాంటిది నరంలోకి మెదడు దాకా తోస్తాం. గంటో గంటన్నరో ఉంచి లాగేస్తాం. మర్నాడు మెదడును చీలికలు చేసి టీటీసీ అనే రంగులో పెడితే బతికిన భాగం ఎర్రగా, చచ్చిన భాగం తెల్లగా తేలుతుంది. మందిచ్చిన ఎలుకలో తెల్ల మచ్చ చిన్నదైతే మాకు పేపర్. అయితే ఆ ఎలుక పడుచుది, బీపీ లేదు, షుగర్ లేదు, బీడీ తాగదు. నరం ఎప్పుడు మూసుకుందో నిమిషంతో సహా మాకు తెలుసు, మందు సిరంజీలో సిద్ధంగా పట్టుకుని నిలబడి ఉంటాం. కల్లంలో పడిపోయిన 58 ఏళ్ళ మనిషికీ దానికీ పోలిక ఎక్కడ? ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు జంతువుల్లో గెలిచింది, 2006లో మనుషుల మీద మొదటి పెద్ద పరీక్షలో కూడా కొంచెం గెలిచినట్టు కనబడింది. మరుసటి ఏడు ఇంకా పెద్ద పరీక్షలో చిత్తుగా ఓడిపోయింది. మా ల్యాబులో ఆ పేరు ఎత్తితే గైడ్ గారి మొహం ఇప్పటికీ మారిపోతుంది.

ఇంకోటి. ఊరి జనాన్ని పూర్తిగా ఆపితే చెత్త ఎత్తేదెవరు? మూడో రోజు నుంచి వారం దాకా మాక్రోఫేజ్‌లు వచ్చి చచ్చిన కణాలను తిని శుభ్రం చేస్తాయి. మొదటి రోజు కేకలేసిన మైక్రోగ్లియాలోనే కొన్ని తర్వాత కొత్త నరాలు మొలిచేందుకు పనికొచ్చే పదార్థాలు వదులుతాయి. ఒకే మనిషి రాత్రి తొక్కినవాడు, పొద్దున మట్టి మోసేవాడు. ఏ గంటకు ఎవరిని ఆపాలో తెలియకే మందులన్నీ తన్నేస్తున్నాయి అని నా అనుమానం. థీసిస్‌లో ఇంత సూటిగా రాయలేను అనుకోండి.

జీడీకే_పాతకార్మికుడు | ఫిబ్రవరి 10, రాత్రి 8:30

గోదావరిఖని నుంచి. సింగరేణిలో 31 ఏళ్ళు చేసి దిగిన. నాకు 2019ల పడ్డది, ఎడమ పక్క. నాక్కూడా మూడో రోజు ఏమైందో నాకు తెల్వదు, ఇంటామె చెప్తది. గురక పెట్టి పండుకున్ననట, లేపితే తిట్టిననట. ఎన్నడూ తిట్టని బూతులట. ఆరో రోజు లేచి చాయ్ అడిగిన.

నెర్రెల కాలువ సంగతి బాగున్నది గానీ బావిల పనిచేసినోనికి ఇంకో తీరుగ అర్థమైతది. బాయిల నీళ్ళు చేరితే పంపులు పెట్టి తోడొచ్చు. పుర్రెల పంపు పెట్టనీకి లేదు కదా. మానిటాల్ అని సీసా ఎక్కించిన్రు నాకు, ఒకటెనుక ఒకటి. అదే పంపు అనుకుంట.

తమ్మీ ధైర్యంగుండు.

పీజీ_రెండోఏడు | ఫిబ్రవరి 10, రాత్రి 9:15

పెద్దాయన సరిగ్గా చెప్పారు. మానిటాల్, గాఢమైన ఉప్పు సెలైన్, రెండూ మెదడులోని నీళ్ళను రక్తంలోకి లాగే పంపులే. కొన్ని గంటలు సమయం కొంటాయి, అంతకంటే ఎక్కువ ఆశించకూడదు. వాపు వాటికి లొంగకపోతే పుర్రెలో పెద్ద ముక్క తీసి మెదడుకు చోటిచ్చే ఆపరేషన్ ఉంది. యూరప్‌లో జరిగిన మూడు పరీక్షలను 2007లో కలిపి చూస్తే, 60 ఏళ్ళలోపు వాళ్ళకు 48 గంటల్లో చేసినప్పుడు 100కి 78 మంది ఏడాది బతికి ఉన్నారు, చేయనివాళ్ళలో 29 మందే. బతికినవాళ్ళలో చాలామందికి చెయ్యీ కాలూ పూర్తిగా రాలేదు, అదీ చెప్పాలి. అది మెదడులో ఒక పక్క పెద్ద నరం రక్తమిచ్చే భాగంలో సగమో అంతకంటే ఎక్కువో పోయిన స్ట్రోక్‌లకు. కల్లం_మిర్చి గారి బాపుకు 4 మిల్లీమీటర్లే, పిలిస్తే కళ్ళు తెరుస్తున్నారు. అయినా న్యూరోసర్జన్ ఒకసారి చూసి ఉంచారా అని అడగండి.

కల్లం_మిర్చి | ఫిబ్రవరి 11, సాయంత్రం 5:20

అందరికీ దండాలు. పొద్దున సర్జన్ చూశారు, ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నిన్నటికంటే కొంచెం తేటగా ఉన్నాడు, చెయ్యి పట్టుకుంటే గట్టిగా నొక్కాడు.

కానీ మధ్యాహ్నం నుంచి జ్వరం, 101. దగ్గితే గరగర. సిస్టర్ ఎవరైనా ఏమైనా తాగించారా అని గట్టిగా అడిగితే అవ్వ ఏడ్చింది. నిన్న విజిటింగ్ టైంలో ఫ్లాస్కులో పసుపు పాలు తెచ్చి నాలుగు చెంచాలు పోసిందట. వాపు అన్నారు కదా, పసుపు వాపుకు మంచిదని ఫోన్లో ఎవరో వీడియో చూపించారట. రాత్రిడ్యూటీ అక్క ముందే చెప్పింది, నేను ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. తప్పు నాది.

రాత్రిడ్యూటీ | ఫిబ్రవరి 11, రాత్రి 7:45

అవ్వను ఏమీ అనకు. కోపం వచ్చింది, నిజం చెప్తున్నా, కానీ ఆమె మీద కాదు. మంచం తల దగ్గర “నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు” అని ఇంగ్లిష్‌లో బోర్డు పెడతాం మేం. ఎవరు చదువుతారు?

మింగే కండరాలు పడిపోయినవాళ్ళకు పాలు కడుపులోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్ట్రోక్ దాటి బతికినవాళ్ళను చాలామందిని ఆ న్యుమోనియానే మళ్ళీ ఐసీయూకు తెస్తుంది. జ్వరం వస్తే మెదడు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, అంచున బతికిన కణాలకు అది కొత్త దెబ్బ. ఇప్పుడు జ్వరం దించాలి, షుగర్ చూడాలి, యాంటీబయాటిక్ డాక్టర్లు ఇస్తారు.

పైన పెద్ద పెద్ద మందులన్నీ ఓడిపోయాయని చదివాను. గెలిచింది ఒకటి చెప్తా, మా నర్సులది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ వార్డుల్లో చేశారు, 2011లో వచ్చింది. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి జ్వరం చూడాలి, 99.5 దాటితే పారాసిటమాల్ ఇవ్వాలి. షుగర్ చూసి అదుపులో పెట్టాలి. మింగగలడో లేదో పరీక్షించకుండా నోట్లో ఏదీ పెట్టకూడదు. అంతే. మామూలు వార్డుల్లో 100కి 58 మంది మూడు నెలలకు చనిపోవడమో, ఇంకొకరి మీద ఆధారపడటమో జరిగితే, ఈ మూడు పద్ధతిగా చేసిన వార్డుల్లో 42. మా ఇన్‌చార్జికి ఈ లెక్క చూపించే థర్మామీటర్లు కొనిపించాను.

సూటిమాట | ఫిబ్రవరి 11, రాత్రి 8:20

మరి యాంటీబయాటిక్ మొదటి రోజే ఎక్కించేస్తే పోయేది కదా సిస్టర్. వెటకారం కాదు, నిజంగా అడుగుతున్నా.

ఎలుకల_స్కాలర్ | ఫిబ్రవరి 11, రాత్రి 10:05

తెలివైన ప్రశ్నే. నెదర్లాండ్స్‌లో రెండున్నర వేల మందితో పరీక్ష పెట్టి, సగం మందికి ముందస్తుగా ఇచ్చి చూసి 2015లో ఫలితం చెప్పారు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు తగ్గాయి, న్యుమోనియా తగ్గలేదు, మనుషులు బాగుపడిందీ లేదు.

ఇక్కడ ఒక వింత ఉంది. మెదడులో ఇంత మంట నడుస్తుంటే మిగతా ఒంట్లో కాపలా నిద్రపోతుంది. దెబ్బతిన్న మెదడు అడ్రినలిన్, కార్టిసాల్ పెంచేస్తుంది. వాటివల్ల రక్తంలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు పడిపోతాయి, ఎలుకల్లో అయితే ప్లీహం చిక్కిపోతుంది. ఒంటిలోని సిపాయిలు ఇంకా మెదడు మీద పడకుండా ఇది ఒక జాగ్రత్త కావచ్చు. దాని ఖరీదు మాత్రం ఊపిరితిత్తులు కడతాయి. ఇంట్లో మామూలుగా పొలమారితే దగ్గి ఊరుకుంటాం. నాలుగు చెంచాల పాలకే వీళ్ళకు న్యుమోనియా రావడానికి ఇదీ ఒక కారణం.

పసుపు గురించి. కర్కుమిన్ ఎలుకల్లో తెల్ల మచ్చను చిన్నది చేసిందని చాలా పేపర్లున్నాయి, మా సీనియర్ ఒకాయన చేసిందీ ఉంది. సూది ద్వారా, ఎలుక బరువుకు లెక్కగట్టిన మోతాదులో. పాలల్లో కలిపిన పసుపు పేగు దాటి రక్తంలో చేరేదే చాలా తక్కువ. ఇక మెదడు దాకా ఎంత పోతుంది?

సూటిమాట | ఫిబ్రవరి 12, ఉదయం 6:40

మొన్నంతా వెటకారం చేశాను. ఎందుకో చెప్తాను.

మాది జనగామ వైపు. నాలుగేళ్ళ కింద మా అమ్మకు ఇలాగే మూతి వంకర పోయింది. ఊళ్ళో మందులిచ్చే ఆయన బీపీ ఎక్కువైందని నాలుక కింద గోలీ పెట్టి, గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి, పడుకోబెట్టమన్నాడు. సాయంత్రం దాకా చూశాం. పెద్దాస్పత్రికి పోయేసరికి టైం దాటిందన్నారు. నాలుగో రోజు వాపు వచ్చింది, తొమ్మిదో రోజు పోయింది. ఆ నాలుగో రోజు ఏమైందని ఎంతమందిని అడిగినా ఒక్కరూ నిలబడి చెప్పలేదు. డబ్బు కోసం ఏదో చేశారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇక్కడ నీరటి కథ చదివాక రాత్రి నిద్ర పట్టలేదు.

గ్లూకోజ్ బాటిల్ వల్ల కూడా నష్టం ఉంటుందా? ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పండి, నేను తట్టుకుంటా.

పీజీ_రెండోఏడు | ఫిబ్రవరి 12, ఉదయం 8:10

అన్నా, ఉన్నదున్నట్టే చెప్తాను. స్ట్రోక్‌లో షుగర్ పెరగడం మంచిది కాదు. ఆక్సిజన్ లేని కణంలో గ్లూకోజ్ లాక్టిక్ ఆసిడ్‌గా మారుతుంది. అందుకే షుగర్ పడిపోతే తప్ప మేం గ్లూకోజ్ ఎక్కించం, మామూలు సెలైన్ పెడతాం. బీపీ ఒక్కసారిగా దించితే అంచున ఉన్న కణాలకు వచ్చే కాస్త రక్తం కూడా తగ్గుతుంది. అయినా అమ్మగారి విషయంలో ఎక్కువ నష్టం చేసింది పోయిన టైమే అయి ఉంటుంది. మీరు అడ్డుపడలేదు, మీకు చెప్పినవాళ్ళు లేరు.

రాత్రిడ్యూటీ | ఫిబ్రవరి 12, ఉదయం 8:30

అన్నా, చదివాను.

కల్లం_మిర్చి | ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 1:10

నాలుగు రోజులు రాయలేకపోయాను. జ్వరం 13న తగ్గింది. నిన్న వార్డుకు మార్చారు. ముక్కు గొట్టం ఇంకా ఉంది, మింగడం మళ్ళీ పరీక్షిస్తారట. స్కాన్‌లో గీత దాదాపు మధ్యకు వచ్చిందన్నారు. మాట పూర్తిగా రాలేదు. అనాలనుకున్నది ఒకటి, వచ్చేది ఒకటి. నన్ను చూసి “బస్తా, బస్తా” అన్నాడు. మిర్చి ఎనుమాముల యార్డుకు పంపావా అని అడుగుతున్నాడని నాకు అర్థమైంది. పంపాను బాపూ అంటే కళ్ళతో రేటెంత అన్నాడు. చెప్పాను. మొహం తిప్పుకున్నాడు.

సూటిమాట అన్నా, మీ మెసేజ్ మా బావకు చూపించాను. ఏమీ అనలేదు. కానీ రాత్రి పడక ఆయనే పడుతున్నాడు ఇప్పుడు.

ఇంటికి పోయాక ఏం చేయాలి? చెయ్యికి మర్దన చేసే ఆయన ఊళ్ళో ఉన్నాడు, రోజూ వస్తానంటున్నాడు.

భుజం_జాగ్రత్త | ఫిబ్రవరి 16, సాయంత్రం 4:45

కరీంనగర్‌లో ఫిజియోని. ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నా, ఇది నా వంతు.

మర్దనకు తొందర లేదు. ముందు భుజం. కండరాలు వదులైన చెయ్యి బరువుకు భుజం కీలు జారుతుంది. లేపి కూర్చోబెట్టేటప్పుడు జనం ఆ చెయ్యే పట్టుకుని గుంజుతారు, ఆర్నెల్ల తర్వాత నా దగ్గరికి నడక కోసం కాదు, భుజం నొప్పి కోసం వస్తారు. చంక కింద చెయ్యేసి, నడుము పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు కుడి చేతి కింద దిండు పెట్టండి. రెండు గంటలకోసారి పక్క మార్చండి.

మొదటి మూడు నెలల్లో వచ్చేదే ఎక్కువ, తర్వాత కూడా వస్తుంది కానీ మెల్లగా. మీ స్కాలర్ తమ్ముడు చెప్పిన చెత్త ఎత్తే పని, కొత్త తీగలు మొలిచే పని నడిచేది ఈ రోజుల్లోనే. మెదడు ఏ పని పదేపదే చేయిస్తే దానికి దారి వేసుకుంటుంది. కాబట్టి మీ బాపు చేత మిర్చి తొడిమలు తీయించండి. వెటకారం కాదు. కుడి చేత్తో, రోజుకు రెండు పూటలా, విసిగేదాకా. ఎండు మిర్చి మాత్రం వద్దు, ఆ చెయ్యి కంట్లో పెట్టుకుంటాడు. చిక్కుడుకాయలు ఇవ్వండి. త్వరగా అలిసిపోతాడు, బద్ధకం అనుకోవద్దు, స్ట్రోక్ తర్వాత ఆ అలసట నెలల తరబడి ఉంటుంది.

జీడీకే_పాతకార్మికుడు | ఫిబ్రవరి 16, సాయంత్రం 6:20

నిజం. నాకు ఏడాది పాటు పొద్దుగాల పదకొండుకే నిద్ర వచ్చేది. ఇప్పటికీ ఎడమ చేతిల చాయ్ గిలాస పెడితే పడేస్త. బీడీ సంగతి ఎవరూ అడుగుతలేరు. నేను మానిన. ఆయనను మాన్పియ్యి తమ్మీ.

కల్లం_మిర్చి | ఫిబ్రవరి 16, రాత్రి 9:00

బీడీ కట్ట అవ్వ ఎప్పుడో పొయ్యిలో వేసింది పెద్దనాయినా. బీపీ గోలీలు ఫోన్‌లో అలారం పెట్టాను, మూడు ఫోన్లలో.

సిస్టర్ అక్కా, ఒక్క మాట. ఇవాళ మంచం తల దగ్గర తెల్ల కాగితం మీద తెలుగులో రాసి అంటించాను, “నోట్లో ఏమీ పోయకండి, మా అవ్వ అయినా సరే” అని. పక్క మంచం వాళ్ళు కూడా ఒకటి రాసి ఇమ్మన్నారు. రాసిచ్చాను.